మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?

ఇంగ్లండ్‌లో కంటి పరీక్షకు వెళ్తే, అక్షరాల బోర్డు దగ్గరికి రాకముందే అడిగే మాట ఇది: మీ ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉందా? తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒక్కరికి ఉన్నా, 40 ఏళ్లు నిండినవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ ఈ పరీక్ష ఉచితంగా చేయిస్తుంది. ఈ జబ్బులో రక్తసంబంధం అంత ముఖ్యం.

జవాబు కోసం రాజమండ్రిలో అమ్మకు ఫోన్ చేశాను.

"అలాంటివేం లేవురా. తాతయ్యకు పొరొస్తే ఆపరేషన్ చేయించాం, అంతే."

"తర్వాత చూపొచ్చిందా?"

"ఎక్కడిది? నరం ఎండిపోయింది, ఇక రాదన్నారు డాక్టరుగారు."

ఒక్క పొరే అయితే తీసేశాక చూపు రావాలి. నరం ఎండడానికి కారణాలు చాలా ఉన్నా, గ్లకోమా వాటిలో ముఖ్యమైనది. మన పెద్దలు నీటికాసులు అనేది దీన్నే. చాలామందిలో నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది, పక్కచూపు మెల్లగా పోతుంది. తాతయ్య గుమ్మం పక్కన బిందెలు తన్నుకుంటూ నడిస్తే వయసు మీదపడిందనుకున్నారు.

అమ్మకు పరీక్ష చేయిస్తే కంటిలో ఒత్తిడి ఎక్కువగా ఉంది, నరం దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడు రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటోంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికే ఆ మందు.

తర్వాత నా వంతు. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, నడిమి చుక్క మీంచి చూపు కదల్చకుండా, చుట్టూ ఎక్కడ వెలుగు మిణుక్కుమన్నా బటన్ నొక్కాలి. ప్రస్తుతానికి నరం బాగానే ఉంది. ఏటా రమ్మన్నారు.

వంశం ఒక్కటే కాదు. షుగర్, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నా జాగ్రత్తపడాలి. కళ్లు దురదపెడితే వేసుకుందామని ఊరి నుంచి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వాడొద్దు. అదీ ఒత్తిడి పెంచగలదు.

తాతయ్యకు ఏమైందో కచ్చితంగా తేల్చలేం. అమ్మ సంగతి మాత్రం మావయ్యకు, పిన్నికి, డల్లాస్‌లో అన్నయ్యకు చెప్పేశాం. పిల్లల సంబంధాలు చెడతాయని మన ఇళ్లలో జబ్బులు దాచిపెడతారు. దయచేసి ఇది దాచకండి. ఎవరికి చూపు పోయింది, ఏ వయసులో, డాక్టరు ఏమన్నారు అని పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.