నాన్న చెవుల తప్పు కాదు

"ఏమన్నాడ్రా?"

రెండేళ్లుగా మా ఇంట్లో ఏ సినిమా పెట్టినా నాన్న డైలాగ్ ఇదే.

టీవీ వాల్యూమ్ 40 దాటేది. ఆ కాస్త మాటలు వినపడేలోపు యాడ్ వచ్చి ఇల్లు అదిరిపోయేది. అమ్మ వంటింట్లోంచి కేకేసేది. "చెవుల డాక్టర్‌కి చూపిద్దామమ్మా" అని నేను ఆయన పక్కనుండగానే అనేశా, ఎలాగూ వినపడదన్న ధీమాతో.

నిన్న సౌండ్‌బార్ పెట్టాం. గంటసేపు కిక్కురుమనలేదు. నేను కేబుల్ గుచ్చింది ఏదో ఒక హెచ్‌డీఎంఐ పోర్టులో, గుచ్చాల్సింది 'ఏఆర్‌సీ' అని రాసున్న దాంట్లో! (నవ్వకండి.)

ఆ కేబుల్ కోసం వంగినప్పుడు చూశా. ఈ పల్చటి టీవీకి స్పీకర్లు కిందికి తిరిగి ఉన్నాయి. ఇన్నాళ్లూ అది మాట్లాడింది మాతో కాదు, టీవీ స్టాండుతో. మా పాత డబ్బా టీవీయే నయం, మొహం మీదే మాట్లాడేది.

రాత్రి 'మాయాబజార్' పెట్టాం. 1957 నాటి సినిమా. రిమోట్‌లో వాయిస్ మోడ్ నొక్కి, వాల్యూమ్ 14 దగ్గర ఆపా. (సౌండ్‌బార్ 14, టీవీ 14 ఒకటి కాదనుకోండి.) ఎస్వీ రంగారావు గొంతు వచ్చి మా సోఫాలో కూర్చున్నట్టే ఉంది.

నాన్న ఒక్కసారీ "ఏమన్నాడ్రా" అనలేదు.

సగం సినిమాలో మాత్రం నావైపు తిరిగి, "ఆ డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్దాం?" అన్నారు.

ఆరోజు విన్నారన్నమాట!

మీ ఇంట్లో వాల్యూమ్ ఎంతలో ఉందండీ?