అది సంచి కాదండీ

చలి బాగానే ఉంది, కుంపటి దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ పూట ఒక్క మాట గురించి చెప్పుకుందాం. గర్భసంచి. మన ఇళ్ళల్లో ఈ మాట గట్టిగా పలకరు. పలికినా సగం మింగేసి "ఫలానా ఆవిడకి సంచి తీసేశారట" అంటారు. బస్సులో పక్కసీట్లోంచి, పెళ్ళిలో కూరగాయలు తరిగేచోట ఎన్నిసార్లు విన్నానో! ఆ పేరుతోనే సగం అన్యాయం జరిగిపోయిందని నాకనిపిస్తుంది. సరుకులు దింపుకున్నాక సంచిని మడిచి పడెయ్యడమే కదా. "పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముంది" అన్న మాట అక్కణ్ణుంచే పుట్టింది.

నిజానికి అదొక కండ. చిన్న జామకాయని తలకిందులుగా పట్టుకోండి, లావు వైపు పైకి, సన్నని మెడ కిందికి. పొడవు 7, 8 సెంటీమీటర్లు, బరువు 60 గ్రాముల చిల్లర. ముందు మూత్రాశయం, వెనక మలాశయం, ఆ రెంటి మధ్యా కాస్త ముందుకి వాలి ఉంటుంది. లోపల పెద్ద ఖాళీ ఏమీ ఉండదు, గోడలు దాదాపు ఆనుకునే ఉంటాయి. ఆ సన్నని చీలికే తొమ్మిది నెలల్లో మూడు కిలోల బిడ్డకీ, మాయకీ, ఉమ్మనీటికీ చోటిస్తుంది. అప్పటికి ఆ కండ ఒక్కటే కిలో తూగుతుంది.

బిడ్డ పుట్టాక అది చేసే పని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నెలలు నిండేసరికి అక్కడికి నిమిషానికి అరలీటరుకి పైగా నెత్తురు పారుతూ ఉంటుంది. మాయ ఊడి వచ్చిందంటే ఆ నాళాల నోళ్ళన్నీ తెరుచుకున్నట్టే. అయినా చాలామంది తల్లులు క్షేమంగా లేచి కూర్చుంటున్నారంటే కారణం ఆ కండ అల్లిక. దాని పోగులు అటూ ఇటూ పెనవేసుకుని ఉంటాయి, వాటి మధ్యలోంచి నెత్తుటి నాళాలు వెళతాయి. కండ బిగుసుకోగానే ప్రతి నాళం చుట్టూ ముడి పడుతుంది. వెనకటి మంత్రసానులు కాన్పయ్యాక పొత్తికడుపు తడిమి "గట్టిపడింది" అని ఊపిరి పీల్చుకునేవాళ్ళంటే ఇందుకే. బిడ్డ పాలు తాగుతుంటే బాలింతకి కడుపులో మెలిపెట్టినట్టుంటుందే, అదీ ఆ బిగింపే. బొడ్డు దాకా ఉన్నది రోజుకో వేలెడు చొప్పున దిగి, ఆరు వారాల్లో మళ్ళీ జామకాయంత అవుతుంది. గుండెని కూడా అంత సాగదీసి మళ్ళీ యథాస్థితికి తెచ్చుకోలేం.

గర్భసంచికి రెండు పక్కలా బాదంకాయల్లా అండాశయాలుంటాయి. అసలు మనం మరిచిపోయేది వీటినే. ఆడపిల్ల పుట్టేటప్పటికే పది, ఇరవై లక్షల అండాలు వాటిలో ఉంటాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలు మాత్రమే. అండాలొక్కటే కాదు, అండాశయాలు తయారుచేసే హార్మోన్లు ఎముకల్నీ గుండెనీ నిద్రనీ కాపాడుతుంటాయి. పిల్లల్ని కనడం ఆపేసిన ఆడదానికీ ఆ కాపలా కావాలి.

మా పిన్నికి ముప్పై మూడేళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని పట్నం తీసుకెళ్ళారు. నెల మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా పలచగా, సాగుతూ వచ్చే తెల్లబట్ట జబ్బు కాదు. దురద, వాసన ఉంటే చాలావరకు మందులతో తగ్గుతుంది. ఆ మాట ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. స్కానింగ్ కాగితం చూపించి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. ఆ ఒక్క మాటకే చేను తాకట్టుపెట్టి ఆపరేషన్ చేయించారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారని మాకు ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికే రాత్రిళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, ఊరికే ఏడుపు. నలభై అయిదు రాకుండానే గడప తట్టుకుని పడితే మణికట్టు విరిగింది. ఒంట్లో ముసలితనాన్ని పదిహేనేళ్ళు ముందుగా తెచ్చి పెట్టారు.

మా పిన్ని ఒక్కతే కాదండీ. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. నిజంగా తీయాల్సిన సందర్భాలు ఉన్నాయి, కాదనను. క్యాన్సర్ తేలినా, ఎన్ని మందులకీ ఆగని రక్తస్రావమైనా తీస్తేనే ప్రాణం నిలుస్తుంది. కానీ గడ్డ అనగానే కత్తి అక్కర్లేదు. ఫైబ్రాయిడ్ గడ్డలు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే, ముట్లు ఆగిపోయాక చాలావరకు వాటంతటవే చిక్కిపోతాయి. గర్భసంచి మూతి క్యాన్సర్ భయముంటే పాప్ స్మియర్ పరీక్ష కొద్ది నిమిషాల పని. అనవసరపు ఆపరేషన్లు అరికట్టే మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలుచెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి తీసెయ్యాలని చెబితే ఇంకో డాక్టరుకి చూపించండి. "అండాశయాలు కూడా తీస్తారా, ఎందుకు?" అని నోరు తెరిచి అడగండి.

పోయిన సంక్రాంతికి పిన్ని వచ్చింది. ఇదంతా ఆవిడకీ చెప్పాను. జామకాయ చూపిస్తే నవ్వి, తన పిడికిలి బిగించి పొత్తికడుపు మీద పెట్టుకుంది.

"ఇంతేనా?"

"ఇంతకన్నా కాస్త చిన్నదే పిన్నీ."

"ముగ్గురూ ఇందులోనే ఉన్నారా!" అంది. కుంపటి చల్లారేదాకా ఆ పిడికిలి అక్కణ్ణుంచి తియ్యలేదు.