గొఱ్ఱెపిల్లల పోషణము

మంద మేపుట పురుషుల పనియైనను, ఈనిన గొఱ్ఱెను, పిల్లను కాచుకొను భారము మా జగ్గయ్యపేట, నందిగామ మెరకపల్లెలలో స్త్రీలదియే. మావి నెల్లూరు జాతివి. తెల్లని పల్ల, మోమున నల్లమచ్చలుగల జోడిపి, ఎఱ్ఱని డోర యని వీనిలో మూఁడు రకములు. సీమపొట్టేలిని మందలో విడిచినచో పిల్లలు బలియునని మగవారి వాదము. గత శతాబ్దమున పలమనేరు పరిశోధనక్షేత్రమువారు డార్సెట్, సఫోక్ జాతులతో నట్టి సంకరమును చేసియే చూచిరి. పుట్టుక బరువు జాతిని బట్టియు మాఱుట నిజమే. కాని సంకరపు పిల్లకు మాత్ర మాఁకలి లేదా?

గొఱ్ఱె చూలు సుమారు అయిదు నెలలు. కడపటి నెలన్నరలో తల్లికి మేత చాలకున్న, పిల్ల తేలికగాఁ బుట్టును. పొదుగునఁ బాలును తగ్గును. కవలలకు, తొలిచూలు పిల్లలకు ప్రమాదము హెచ్చు. చావులు మిక్కిలిగ మొదటి కొలఁదిదినములలోనే. కావున మేము చూలుగొఱ్ఱెలకు ఉలవలు, తవుడు వేఱుగఁ బెట్టెదము. గేదె తవుడు గొఱ్ఱెల పాలయ్యెనని అత్తగార్లు గొణుగుదురు, గొణుగనిండు!

పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు త్రాగించి, బొడ్డునకు అయొడిను పూసి, చలిగాలి సోఁకకుండఁ గంపక్రింద నుంచెదము. నీరసపు పిల్లకు తల్లిపాలు పిండి పోయుదుము. అది లేచి తానే పొదుగు వెదకికొనువఱకు మేము పొయ్యి యార్పము.