బెరకాకు

శ్రావణమాసమున నొకనాడు తొమ్మిదవ తరగతి వారిని "మా యింటి వంట" అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలిక "మా యమ్మ బెరకాకు వండును" అని వ్రాసినది. మేము ఆ పదమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, "ఇది కన్నడము, ఆకుకూర యని వ్రాయవలెను" అని ప్రక్కన వ్రాసితిమి. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది గౌనిపల్లికి వచ్చిన మాకు అది తెలుగుగా తోచలేదు.

మఱునాటి మధ్యాహ్నము ఆ బాలిక తల్లి గిన్నెతో బడికి వచ్చినది. "అయివారూ, పేరు కొట్టేస్తిరి. ఆకును తిని చూడండి సామీ!" అన్నది. గిన్నెలో వేడి రాగిముద్ద, దానిపై పచ్చని చిక్కని కూర. తినుచు, వండు విధము నడిగితిమి.

వానలు పడిన పిమ్మట చేలలో దొగ్గలి, గురుగు, చెంచలి, గంగవాయిలి తమంతట మొలచును. కలుపు తీయబోయిన తల్లులు లేతకొనలు గిల్లి ఒడిలో వేసికొందురు. ఏ యొక్క ఆకును కూరకు చాలినంత దొరకదు గనుక అన్నిటిని కలుపుదురు. మూడు నాలుగు నీళ్ళలో కడిగి, సగముడికిన కందిపప్పులో వేసి, పచ్చిమిరపకాయలు, ఉల్లి, టమాటాలు చేర్చి ఉడికింతురు. పిదప నీటిని వంచి దాచి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, ఆ నీటినే మరల పోయుదురు. చింతపండు రసము, ఉప్పు వేసి కాచి, ఆవాలు, ఎండుమిరప, వెల్లుల్లితో తిరగమోత పెట్టుదురు. కన్నడిగులు దీనినే మస్సొప్పు అందురు.

ఈ పద్ధతిలో వివేకమున్నది. ఉడుకు నీటిలో కరగిన విటమినులు వ్యర్థము కావు. తినునప్పుడు నిమ్మరసము పిండుకొన్నచో, అందలి సి విటమిను ఆకులలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. రాగులలో కాల్షియము బియ్యమునకంటె అనేక రెట్లు ఎక్కువ. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. ఆ తల్లికి అది నిత్యభోజనమే.

ఆ రాత్రి మాకొక మాట తట్టినది. మన కావ్యములలో "బెరయు" అనగా కలియుట. "బెరసి" యను పదమునకు ఏండ్ల తరబడి అర్థము చెప్పిన మేము, కన్నడ "బెరకె" దాని తోబుట్టువని గుర్తింపమైతిమి. పద్యమున గౌరవించిన మాటను పళ్ళెమున కొట్టివేసితిమి! మఱునాడు తరగతిలో అందఱి యెదుట మా తప్పు నొప్పుకొని, ఆ బాలిక పుస్తకమున "బెరకాకు" అని మా చేతితోనే తిరిగి వ్రాసితిమి.

బాలబాలికలారా! పేరు మఱచిన నాడు ఆ మొక్క వట్టి కలుపగును. మందు చల్లి చంపుదురు. మీ అవ్వలనడిగి అయిదేసి ఆకుల పేర్లు వ్రాసి తెండు. కన్నడ నామమును ప్రక్కనే వ్రాయుడు. పెద్దలు గుర్తుపట్టని ఆకును మాత్రము నోట పెట్టకుడు. తల్లులారా! పిల్లలను ఒక్కమాఱు చేనికి వెంటబెట్టుకొని పొండు. ఈసారి మేము ఎఱ్ఱకలము మూత తీయము.