డబ్బాలో తాకత్

ఇప్పుడు మన మొహల్లాల్లో కుర్రాళ్ల జుబాన్ మీద ఒకటే లఫ్జ్: బీసీఏఏ. మా ఆపా కొడుకూ అంతే. ఆటోనగర్‌లో డెంటింగ్ పనికి పోతాడు. నెలకి తన్‌ఖా 12 వేలు. అందులోంచి 2,300 డబ్బాకే ఖర్చు. ఆపా ఫోన్ చేసింది పైసల గురించి కాదు. "చోటూ, వీడు ఇఫ్తార్ అయ్యాక రోజూ అదే తాగుతున్నాడు. హలాలేనా అది?" అని.

సవాల్ సరైనదే. బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే 3 అమైనో యాసిడ్లు. వీటిని మొక్కజొన్న లాంటివి పులియబెట్టీ తీస్తారు, పక్షుల ఈకల నుంచీ తీస్తారు. క్యాప్సూల్ అయితే ఇంకో షక్: పైతొడుగు జెలటిన్. అది పశువుల తోలు, ఎముకలదీ కావచ్చు, నవూజుబిల్లా, పందిదీ కావచ్చు. డబ్బా మీద పచ్చ చుక్క ఉంటే ఆ ఫికర్ లేదు. గోధుమరంగు గుర్తు ఉంటే మాత్రం ఏ జానవర్‌దో ఆ గుర్తు చెప్పదు. వీడిది పచ్చ చుక్కే. ఆపాకి తసల్లీ అయ్యింది.

నాకు కాలేదు. మన బదన్ సొంతంగా చేసుకోలేక తిండిలోంచే తీసుకోవాల్సిన అమైనో యాసిడ్లు 9. డబ్బాలో ఉన్నవి 3. మిగతా 6 తిండిలో అందకపోతే కండ ఎక్కడిది?

"రికవరీకి మామూ, కోచ్ చెప్పాడు."

"డబ్బా అమ్మింది కూడా ఆ కోచేగా బేటా?"

నవ్వి ఊరుకున్నాడు. తరావీహ్ అయ్యాక జిమ్, మళ్లీ సహరీకి లేవడం. నిద్ర 3 గంటలు. ఏ పొడి తెస్తుంది రికవరీ?

మన హలీమ్‌నే చూడండి. గోధుమలో లైసిన్ తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్‌ని గోధుమ పూడుస్తుంది. గోష్త్‌లోనైతే తొమ్మిదీ ఉన్నాయి. గోష్త్ కొనలేని ఇంట్లో మసూర్ పప్పు ఖిచిడీదీ అదే హిసాబ్. గుడ్డు సంగతి సరేసరి: ఒక్కోదానిలో 6 గ్రాముల ప్రొటీన్. ఒకటి 7 రూపాయలనుకున్నా, 2,300కి నెలంతా రోజుకి 10 వస్తాయి. ఇంటిల్లిపాదీ తినొచ్చు.

ఉన్న డబ్బా పారేయమని నేననలేదు, ఇస్రాఫ్ అవుతుంది. అయిపోయాక గుడ్ల ట్రే తెస్తానని వాదా చేశాడు. ఆపా మాత్రం ఇంట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్లన్నీ తిప్పి తిప్పి పచ్చ చుక్క వెతుకుతోంది.