కనబడలేదు అంటే లేదని కాదు



ఇక్కడ నేను సాధారణంగా మధుమేహం గురించో, రక్తపోటు గురించో వ్రాస్తూ ఉంటాను. ఈసారి ఒక పాత కారు కథ చెప్పబోతున్నాను. ముసలి డాక్టరు దారి తప్పాడని అనుకోకండి. ఈ కథ తిరిగి తిరిగి మన దేహం దగ్గరికే వచ్చి చేరుతుంది.

మా పాకాల రైల్వే జంక్షను. తిరుపతికి వెళ్లాలన్నా, కాట్పాడికి వెళ్లాలన్నా, ధర్మవరం వైపు వెళ్లాలన్నా రైలు మార్గం ఉంది. అయినా వయసు మీదపడి, ఇంట్లో ఆమెకు మోకాళ్లు సహకరించనప్పుడు స్టేషను మెట్లు తిరుమల కొండంత ఎత్తుగా కనిపిస్తాయి. అందుకని తిరుపతిలో పాత కార్లు అమ్మే ఒక వ్యాపారి వద్ద ఆరేళ్లు నడిచిన పెట్రోలు కారును కొన్నాను. రంగు చెడలేదు, టైర్లు బాగున్నాయి, ఇంజను శబ్దం మెత్తగా ఉంది. ఇంజనుకు, గేర్‌బాక్సుకు ఆరు నెలల హామీ అంటూ ఒక కాగితం కూడా వ్రాసి ఇచ్చాడు.

కొన్న మూడో వారంలో, మే నెల మిట్టమధ్యాహ్నం, వేలూరు నుంచి తిరిగి వస్తున్నాం. చిత్తూరు దాటి పూతలపట్టు సమీపిస్తుండగా ఏ హెచ్చరికా లేకుండా ఇంజను ఆగిపోయింది. స్టీరింగు బరువెక్కింది. బ్రేకు రెండు మూడుసార్లు నొక్కేసరికి రాయిలా గట్టిపడింది. వెనుక వస్తున్న లారీ హారను మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయింది. ఎలాగో బండిని రోడ్డు అంచుకు చేర్చాను. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతోంది కాని ఇంజను అందుకోవడం లేదు. చింతచెట్టు నీడలో ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ తిప్పాను. ఏమీ జరగనట్టే స్టార్టయింది.

మరునాడు వేకువనే బయలుదేరి తిరుపతి చేరుకున్నాను. వ్యాపారి మనిషి బండిని గంటసేపు నీడలో ఉంచి, ఆ తరువాత రెండు కిలోమీటర్లు నడిపి తెచ్చాడు. "ఏం లేదు సార్, బండి బంగారంలా ఉండాది" అన్నాడు. పది రోజులకు దామలచెరువు దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి కంప్యూటరు స్కానరు పెట్టి చూశారు. అందులో ఏ తప్పూ నమోదు కాలేదు. "పెట్రోలు పంపు అయ్యుంటాది" అని ఊహించి, నా ఖర్చుతోనే దాన్ని మార్చారు. వారం తిరగకుండా బండి మళ్లీ ఆగింది. మూడోసారి వెళ్లేసరికి వ్యాపారి ముఖంలో మర్యాద పలచబడింది. "పెద్దవాళ్లు కదా సార్, మీరు నడిపేదాంట్లో ఏమన్నా తేడా ఉంటాదేమో" అన్నాడు. నేను నొచ్చుకోవడం చూసి, "కాణిపాకం స్వామి మీద ప్రమాణం చేసి చెప్తాండా, బండిలో లోపం లేదు" అని కూడా అన్నాడు.

మా ప్రాంతంలో కాణిపాకం వినాయకుని పేరిట చేసే ప్రమాణాన్ని ఎవరూ తేలికగా తీసుకోరు. ఆ మనిషి అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. అసలు చిక్కే అది. బండి ఆరోగ్యంగా ఉన్న ఘడియలు తప్ప అతడు ఏమీ చూడలేదు. తాను చూడని దాన్ని లేదని అనుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తూ ఉంటే నాకు కోపం రావలసింది పోయి సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ మాటలు నాకు కొత్తవి కావు. ఒకప్పుడు నేనే అన్నాను.

చాలా ఏళ్ల కిందటి మాట. దామలచెరువు మామిడి మండీలో పనిచేసే ఒక వ్యక్తి నా దగ్గరికి వచ్చేవాడు. "సారూ, ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంటాది. చెమట్లు పడతాయి. మీ దగ్గరికొచ్చేలోగా తగ్గిపోతాది" అనేవాడు. నాడి చూస్తే సమంగా ఉండేది. ఈసీజీ తీస్తే గీత తీర్చినట్టు వచ్చేది. "నీకేం లేదు నాయనా, గ్యాసు, మనసులో ఆందోళన" అని మాత్రలు ఇచ్చి పంపాను. అలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి అతణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. నోట మాట లేదు. తిరుపతికి పంపాను. అక్కడ తీసిన ఈసీజీలో గుండె పై గదులు లయ తప్పి కొట్టుకుంటున్నట్టు తేలింది. దాన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అది కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. వచ్చినప్పుడు గుండె పై గదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు సకాలంలో వాడితే ఈ ముప్పును మూడింట రెండు వంతుల వరకు తగ్గించవచ్చు. అతను బ్రతికాడు. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

అతను నాకు మూడుసార్లు నిజమే చెప్పాడు. నేను కాగితాన్ని నమ్మాను, మనిషిని నమ్మలేదు.

కారు విషయంలో నేనిప్పుడు రోగి స్థానంలో ఉన్నాను. కనుక మంచి రోగి ఏం చేయాలో అది చేద్దామనుకుని ఒక నోటు పుస్తకం తీశాను. బండి ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం, బయలుదేరి ఎంతసేపయింది, ఎండ ఎలా ఉంది, ఏసీ నడుస్తోందా, పెట్రోలు ఎంత ఉంది, చదును రోడ్డా ఎత్తా, ఎన్ని నిమిషాలకు తిరిగి స్టార్టయింది, అన్నీ వ్రాశాను. అంతకుముందు జరిగినవి కూడా గుర్తు తెచ్చుకుని చేర్చాను. మొత్తం ఆరు నమోదులు అయ్యాయి. ఒక్కచోట పెట్టి చూస్తే సంగతి తేటపడింది. ఆరుసార్లూ ఉదయం పదకొండు దాటాకే ఆగింది. ఆరుసార్లూ కనీసం నలభై నిమిషాలు నడిచాకే ఆగింది. ఇరవై నుంచి ముప్పై నిమిషాల విశ్రాంతి తరువాతే స్టార్టయింది. చల్లని పూట ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ పుస్తకాన్ని వ్యాపారికి కాక, అతని షెడ్డులోని పెద్ద మెకానిక్కు చేతికిచ్చాను. అతను నిలబడే మొత్తం చదివాడు. "సార్, ముందే ఇట్ల రాసిచ్చింటే ఇన్నిసార్లు తిరిగే పని ఉండేది కాదు. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏం కనపడతాది? కాగినప్పుడే చూడాల" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు స్కానరు తగిలించుకునే ఇద్దరం బయలుదేరాం. రంగంపేట మీదుగా భాకరాపేట ఘాటు ఎక్కాం, దిగాం. రెండోసారి ఎక్కుతుండగా బండి ఆగింది. నా జీవితంలో బండి ఆగినందుకు సంతోషించింది ఆ ఒక్కసారే.

అతను నన్ను తాళం తిప్పమని స్కానరు తెర చూపించాడు. స్టార్టరు ఇంజనును తిప్పుతూనే ఉంది, తెర మీద మాత్రం ఇంజను వేగం సున్నా. తరువాత సీసాలోని నీళ్లను ఇంజను పక్కన ఒక చోట కొద్దికొద్దిగా పోశాడు. రెండు నిమిషాలకు బండి స్టార్టయింది. "దొరికినాడు సార్ దొంగ" అన్నాడు.

దొంగ పేరు క్రాంక్‌షాఫ్ట్ సెన్సరు. ఇంజను ఇరుసు ఏ క్షణంలో ఏ స్థితిలో ఉందో కంప్యూటరుకు చెప్పే బొటనవేలంత పరికరం అది. ఆ వార్త అందకపోతే పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో కంప్యూటరుకు తెలియదు. లోపలి సన్నని తీగచుట్టలో వెంట్రుకవాసి పగులు ఉంటే వేడికి సాగి సంబంధం తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది.

వ్యాపారి అప్పటికీ, "సెన్సరు కరెంటు సామాను సార్, హామీ ఇంజనుకే" అన్నాడు. నేను వాదన పెంచలేదు. మూడో వారంలోనే ఫిర్యాదు చేశానని, ఆగుతున్నది ఇంజనేనని, ఆరు నమోదుల నకలు జతచేసి ఉత్తరం వ్రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. రెండు రోజులకు అతనే ఫోను చేసి పిలిచాడు. సెన్సరు ఖరీదు, కూలి తానే భరించాడు. పెట్రోలు పంపు డబ్బు తిరిగి రాలేదు. దాన్ని గురుదక్షిణ అనుకున్నాను. ఆ తరువాత బండి ఒక్కసారి కూడా ఆగలేదు. మాట వినని వ్యాపారి ఎదురైతే మీకు దారి ఉందని తెలుసుకోండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోగా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అంతకన్నా ముందు 1915 నంబరుకు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. ఎక్కడికి వెళ్లినా మిమ్మల్ని మొదట అడిగేది కాగితమే.

ఇక మన దేహం సంగతికి వద్దాం. వచ్చి పోయే జబ్బును అది వచ్చే వేళకే పట్టుకోవాలని వైద్యులకు పాత అనుభవమే. ఫైలేరియా క్రిములు పగటిపూట రక్తంలో దాదాపు కనిపించవు, రాత్రి వేళ బయటికి వస్తాయి. అందుకే ఆ సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టి రక్తపు చుక్క తీసుకునేవారు. గుండె లయ కోసం అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త మనిషి తిరుగుతూ ఉండగానే ఈసీజీ నమోదు చేసే యంత్రాన్ని తయారుచేశాడు. 1940ల చివర వీపున మోసిన ఆ తొలి యంత్రం బరువు దాదాపు 38 కిలోలు. ఈనాడు అది అరచేతిలో ఇమిడిపోయింది. ఒక రోజంతా, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు, ఒంటికి తగిలించి పంపుతారు. అదే హోల్టర్ పరీక్ష. మామూలు ఈసీజీ మీ గుండెను కొన్ని సెకన్లు మాత్రమే చూస్తుంది. మిగిలిన రోజంతా ఏం జరిగిందో దానికి తెలియదు.

అందుచేత మీకు నా మనవి ఇది. అప్పుడప్పుడు వచ్చే బాధ ఏదైనా ఉంటే ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, తిన్నాకా తినకముందా, ఎంతసేపు ఉంది, దేనితో తగ్గింది, అవి వ్రాయండి. గుండె దడ వస్తే నాడి సమంగా ఉందా, అడ్డదిడ్డంగా ఉందా చూడండి. ఆ సమయంలోనే దగ్గరి ఆసుపత్రికి చేరి ఈసీజీ తీయించగలిగితే మరీ మంచిది. ఇంట్లో ఎవరికైనా మూర్ఛలాంటిది వస్తే ఒకరు వారిని పక్కకు ఒత్తిగిలించి పట్టుకోండి, ఇంకొకరు ఫోనులో వీడియో తీయండి. మధుమేహానికి మందులు వాడేవారికి తెల్లవారుజామున చెమటలు పడితే అప్పుడే చక్కెర పరీక్షించుకోండి. నడిస్తే వచ్చి నిలబడితే తగ్గే ఛాతీ నొప్పికి కూర్చోబెట్టి తీసిన ఈసీజీ సరిపోదని వైద్యునికి గుర్తుచేయండి. అది తప్పేమీ కాదు.

అయితే పుస్తకం పట్టుకుని రెండోసారి కోసం ఎదురుచూడకూడనివి కొన్ని ఉన్నాయి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక వైపు చేయి కాలు బలం తప్పడం, ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారడం, స్పృహ తప్పి పడిపోవడం, ఛాతీలో పిండినట్టు నొప్పి రావడం. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. తాత్కాలికంగా వచ్చి పోయిన పక్షవాతం తరువాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. గడ్డను కరిగించే మందు కూడా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

యువ వైద్యులెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక్క మాట. "నీకేం లేదు" అనకండి. "ఇప్పుడు నాకేం కనబడలేదు, వచ్చినప్పుడు చూద్దాం" అనండి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలుసుకోవడానికి నాకు దామలచెరువులో ఒక మనిషి తన మాట పోగొట్టుకోవలసి వచ్చింది.