నన్ను 'సార్' అన్నాడు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే కాబట్టి చదువు గొప్పతనం గురించి రాస్తాననుకుని ఉంటారు. కానీ ఆ చదువే నన్ను సిగ్గుపడేలా చేసిన రోజు ఒకటుంది. దాని గురించే రాస్తున్నాను.

మా నాన్న ఆటో నడుపుతాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు నన్ను, నా ట్రంకు పెట్టెను ఆటోలో ఇంటికి తీసుకుపోతున్నాడు. చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టి "ఏరా, కాగితాలు తియ్" అన్నాడు. ఆయనకు పాతికేళ్లుంటాయేమో. నాన్నకు అప్పటికే నలభై దాటాయి. నాన్న దిగి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, కవరులో దాచిన లైసెన్సు, ఆర్.సి., ఇన్సూరెన్సు అన్నీ చూపించాడు. ఒక్క తప్పూ లేదు. "సరే, పోరా" అన్నాడు. ఇద్దరి ఒంటి మీదా ఖాకీ చొక్కాలే! ఇంటికి చేరేదాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. బాగా చదువుకోవాలి, నన్ను ఎవడూ 'ఒరే' అనకూడదు అని ఆ రోజే అనుకున్నాను.

చదివాను. పీజీకి వచ్చాక 1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా తిరగేశాను. సెక్షన్ 130 ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. 2018లో నిబంధనలు సవరించాక ఫోన్‌లో డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. 'ఒరే' అనే అధికారం మాత్రం ఆ చట్టంలో ఎవరికీ లేదు. నిజం చెప్పాలంటే, ఇవన్నీ ఎవరి మీద ప్రయోగిద్దామా అని ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి.

పోయిన మే నెలలో మిత్రుడి బండి మీద వెళ్తుంటే ఒక హోంగార్డు చెయ్యెత్తాడు. తల నెరిసిన మనిషి. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. "బాబూ, బండి జర పక్కకు పెట్టు" అన్నాడు. ఆయన బాబూ అన్నాడు గానీ నాకు వినపడింది పదేళ్ల కిందటి 'ఏరా'.

"నువ్వు హోంగార్డువి. నన్ను ఆపడానికి నీకేం పవరుంది? సెక్షన్ 130 తెలుసా నీకు?" అని నలుగురూ వినేలా అరిచాను.

ఆయన కాసేపు చూసి, "నాకు గదంత తెల్వదు సార్. హెల్మెట్ లేనోళ్లను ఆపుమని ఎస్.ఐ. సార్ చెప్పిండు" అన్నాడు.

అవును, నాకు హెల్మెట్ లేదు! 130 నోటికొచ్చిన నాకు దాని ముందున్న 129 గుర్తు లేదు. హెల్మెట్ పెట్టుకోవాలని చెప్పే సెక్షన్ అదే. ఎస్.ఐ. గారు మర్యాదగానే మాట్లాడి చలానా వేశారు. ఆయనతో నేను "సార్, సార్" అన్నాను. గమనించారా తమ్ముళ్లూ? భుజం మీద నక్షత్రాలున్న ఆయనకు 'సార్', లేని ఆయనకు 'నువ్వు'. ఆ కానిస్టేబుల్ మా నాన్నకు చేసింది కూడా ఇదే కదా! మన హాస్టల్‌లో వంటమనిషిని 'అమ్మా' అని, కామాటిని 'తాతా' అని పిలవకపోతే వార్డెన్ గారు ఊరుకునేవారు కాదు. అదంతా ఆ రోజు ఎటు పోయిందో!

రాత్రి ఫోన్‌లో నాన్నకు చెప్పాను. చలానా గురించి తిడతాడనుకున్నాను. "ఆయనది గూడ నా బతుకే బిడ్డా. డ్యూటీ ఎక్కిన దినానికే పైసలు. ఆయన ఇంటికి పోయి పిల్లలకు ఏం చెప్పుకుంటడు?" అన్నాడు. ఆటోలో ఆ రోజు నాన్న ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. అంతమాత్రాన ఆ కానిస్టేబుల్ మాట మరిచిపోయానని అనను. మరిచిపోలేదు.

జూన్‌లో హెల్మెట్ కొని అదే చౌరస్తాకు వెళ్లాను. రెండు రోజులు ఆయన కనపడలేదు. మూడో రోజు కనపడ్డాడు. బండి పక్కకు పెట్టి, "మొన్న మీతో తప్పుగా మాట్లాడాను, ఏమనుకోకండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గుర్తు పట్టలేదు. రోజుకు ఎంతమంది అరుస్తారో మరి!

"గా పట్టీ పెట్టుకో బిడ్డా, ఊగుతుంది" అని లారీకి ఎదురు నడిచాడు.